మన చరిత్ర ముక్కలు – 14: ముందు పేరు ఎవరు చెప్పాలి?

పోయిన భాగంలో టీ కొట్లలో రెండు గ్లాసుల పద్ధతి గురించి రాశాను. టీ తాగడం పది నిమిషాల పని. ఈసారి అంతకంటే పెద్ద వ్యవహారం: రాత్రి తల దాచుకోవడానికి గది, ఊరు చేరడానికి బండి. ఇప్పుడు ఈ రెండూ ఫోన్లోనే దొరుకుతున్నాయి. ఇంట్లో గది ఖాళీగా ఉన్నవాళ్ళు ఎయిర్‌బిఎన్‌బిలో పెడుతున్నారు. కారు ఉన్నవాళ్ళు ఉబర్‌కో ఓలాకో తిప్పుతున్నారు. ఎంబీఏ చదివే మన పిల్లలకి దీన్ని షేరింగ్ ఎకానమీ అని, పదిహేనేళ్ళ కింద అమెరికా కుర్రాళ్ళు కనిపెట్టిన కొత్త వ్యాపారమని పాఠం చెబుతున్నారు. 2007లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇంటద్దె కట్టలేని ఇద్దరు మిత్రులు హాల్లో గాలి పరుపులు పరిచి అతిథుల్ని పెట్టుకున్న కథ ఆ పాఠంలో తప్పకుండా ఉంటుంది.

ఆ కథ నిజమే. కానీ సొంత ఇంట్లో గదిని, సొంత కారులో సీటును అపరిచితులకి ఇచ్చే ఏర్పాటును అంతకు చాలా ముందే, చాలా పెద్ద ఎత్తున నడిపినవాళ్ళు ఉన్నారు. హోటల్లో గది దొరకనివాళ్ళు, బస్సులో సీటు దొరకనివాళ్ళు. వాళ్ళ కథ మేనేజ్‌మెంట్ పుస్తకాల్లో ఉండదు గనక ఇక్కడ చెప్పుకుందాం.

విక్టర్ గ్రీన్ అనే ఆయన నల్లజాతి పోస్ట్‌మ్యాన్. న్యూయార్క్‌లోని హార్లెంలో ఉండేవాడు, న్యూజెర్సీలో ఉత్తరాలు పంచేవాడు. 1936లో ఆయన ఒక చిన్న పుస్తకం వేశాడు. పేరు 'ది నీగ్రో మోటరిస్ట్ గ్రీన్ బుక్'. కారులో ప్రయాణం చేసే నల్లవాళ్ళకి ఏ ఊళ్ళో ఎవరు గది ఇస్తారు, ఎవరు భోజనం పెడతారు, ఎవరు పెట్రోలు పోస్తారు, ఎవరు జుట్టు కత్తిరిస్తారు అన్న జాబితా అది. అప్పటికి నల్లవాళ్ళలో కొందరి చేతికి కార్లు వచ్చాయి. బస్సులో వెనక సీట్ల అవమానం, రైల్లో జిమ్ క్రో పెట్టె అవమానం తప్పించుకోవడానికి కారు కొనుక్కున్నారు. కానీ కారు పెట్రోలు తాగుతుంది, మనిషికి నిద్ర వస్తుంది, పిల్లలకి ఆకలేస్తుంది. దారిలో సన్‌డౌన్ టౌన్లని ఉండేవి. పొద్దుగూకితే నల్లమనిషి ఆ ఊరి పొలిమేర దాటి పోవాలి. మన పల్లెల్లో పెద్దవాళ్ళకి ఈ సంగతి విడమర్చి చెప్పక్కర్లేదు.

మొదట న్యూయార్క్ చుట్టుపక్కలకే వేసిన ఆ పుస్తకం కొన్నేళ్ళలోనే దేశమంతా పరుచుకుంది. యుద్ధకాలంలో కొన్నాళ్ళు ఆగినా, 1966–67 సంచిక దాకా నడిచింది. 1960లో గ్రీన్ చనిపోయాక ఆయన భార్య ఆల్మా బాధ్యత తీసుకుంది. జాబితాలోకి ఊళ్ళ పేర్లు, ఇళ్ళ పేర్లు ఎట్లా వచ్చేవి? చదివినవాళ్ళు రాసి పంపేవాళ్ళు. ఫలానా ఊళ్ళో ఫలానా వీధిలో మాకు మర్యాదగా గది ఇచ్చారు అని.

నాకు అన్నిటికంటే విలువైనవిగా కనబడేవి ఆ పుస్తకంలో 'టూరిస్ట్ హోమ్స్' అన్న శీర్షిక కింద ఉన్న పేర్లు. చాలా ఊళ్ళలో నల్లవాళ్ళకి హోటలే లేదు. అక్కడ ఎవరో ఒకరు తమ ఇంట్లో గది ఇచ్చేవాళ్ళు. ఆ పేర్ల ముందు ఎక్కువగా 'మిసెస్' అని ఉంటుంది. ఇంటి ఇల్లాలు పక్క పరిచి, పొద్దున్నే టిఫిన్ పెట్టి, డబ్బు తీసుకుని, జాగ్రత్తలు చెప్పి పంపేది. సొంతింట్లో గది, అపరిచిత అతిథి, ముందే తెలిసిన చిరునామా. 1947 నుంచి గ్రీన్ ముందస్తుగా గదులు కుదిర్చిపెట్టే బుకింగ్ సేవ కూడా మొదలుపెట్టాడు. ఇక యాప్ ఒక్కటే తక్కువ.

ఇక్కడికి వ్యాపారులు వస్తారు. గ్రీన్ బుక్ నిండా ప్రకటనలే. మంగలి షాపులు, బ్యూటీ పార్లర్లు, హోటళ్ళు, నైట్‌క్లబ్బులు, దర్జీలు. ఎక్కువ భాగం నల్లవాళ్ళ సొంత వ్యాపారాలు. వాటి మధ్యలో ఒక దిగ్గజం ఉంది: ఎస్సో, అంటే స్టాండర్డ్ ఆయిల్ ఆఫ్ న్యూజెర్సీ. దేశంలో చాలా పెట్రోలు బంకులు నల్లవాళ్ళని బాత్రూమ్‌లోకి కూడా రానివ్వని రోజుల్లో ఎస్సో వాళ్ళకి పెట్రోలు అమ్మింది, నల్లవాళ్ళకి డీలర్‌షిప్పులు ఇచ్చింది, గ్రీన్ బుక్‌ని తన బంకుల్లో పెట్టి అమ్మించింది. జేమ్స్ జాక్సన్ అనే నల్లజాతి మార్కెటింగ్ నిపుణుణ్ణి ప్రత్యేక ప్రతినిధిగా పెట్టుకుంది. అంతకుముందు 'బిల్‌బోర్డ్' పత్రికలో కాలమ్ రాసినందుకు ఆయన్ని బిల్‌బోర్డ్ జాక్సన్ అనేవాళ్ళు. నల్లవాళ్ళు ఏం కొంటారు, ఎక్కడ కొంటారు, ఎంత కొంటారు అన్న లెక్కలు అంతకుముందు ప్రభుత్వ వాణిజ్య శాఖలో ఉండి తీసినవాడు ఆయన.

ఎస్సోకి చేతులెత్తి దండం పెట్టాలా? నా లెక్క వేరే. పెట్రోలు బంకు పెట్రోలు అమ్ముకోవాలి. కారున్న నల్లవాడు దానికి కొనుగోలుదారుడు. అతనికి ఎక్కడ నిద్ర దొరుకుతుందో తెలిస్తే ఇంకో రెండొందల మైళ్ళు పోతాడు, ఇంకో ట్యాంకు కొట్టిస్తాడు. ఇందులో మోసం లేదు, త్యాగమూ లేదు. అవతలివాళ్ళు జాతి పిచ్చితో వదిలేసుకున్న డబ్బుని ఎస్సో ఏరుకుంది. అయితే ముప్పై ఏళ్ళు ఏరుకున్నా పక్కనున్న హోటలు తలుపు తెరుచుకోలేదు. డబ్బు ఉంటే వివక్ష పోతుంది అనే మన కుర్రాళ్ళ కోసం ఈ ముక్క చెబుతున్నాను. కారు కొనగలిగినవాడు రాత్రి ఆ కారులోనే పడుకున్నాడు.

ఇక బండి సంగతి. 1953లో లూసియానా రాష్ట్రంలోని బేటన్ రూజ్‌లో నల్లవాళ్ళు సిటీ బస్సుల్ని బహిష్కరించి సొంత కార్లలో జనాన్ని ఉచితంగా చేరవేశారు. 1955 డిసెంబరు 5న అలబామాలోని మాంట్‌గోమరీలో బహిష్కరణ మొదలైనప్పుడు వాళ్ళ దగ్గర్నుంచే పాఠం తెచ్చుకున్నారు. మొదట నల్లవాళ్ళ టాక్సీలు బస్సు చార్జీకే, 10 సెంట్లకే ఎక్కించుకున్నాయి. కనీస టాక్సీ చార్జీ 45 సెంట్లు అన్న నిబంధన పట్టుకుని పోలీసులు దాన్ని ఆపించారు. అప్పుడు దాదాపు 300 సొంత కార్లతో ఏర్పాటు చేసుకున్నారు. ఎక్కించుకునే చోట్లు, దింపే చోట్లు, వేళలు, డ్రైవర్లు, పెట్రోలు లెక్కలు అన్నీ రాసిపెట్టుకుని 381 రోజుల బహిష్కరణని ఆ కార్ల మీద నిలబెట్టారు. చర్చీల పేర్న స్టేషన్ వ్యాగన్లు కొన్నారు. ఇన్సూరెన్సు కంపెనీలు పాలసీలు రద్దు చేస్తూ పోతే, అట్లాంటాలో ఉన్న ఒక నల్లజాతి ఏజెంటు ద్వారా లండన్‌లోని లాయిడ్స్ నుంచి బీమా తెచ్చుకున్నారు.

పెట్రోలు డబ్బులు ఎక్కడివి? దేశం నలుమూలల నుంచి చందాలు వచ్చాయి. ఊళ్ళోనూ పుట్టాయి. జార్జియా గిల్మోర్ అనే వంటావిడ కొందరు ఆడవాళ్ళని కూడగట్టి భోజనాలు, పైలు, కేకులు వండి అమ్మించింది. ఆ గుంపుకి 'క్లబ్ ఫ్రమ్ నోవేర్' అని పేరు పెట్టింది. డబ్బు ఎక్కడిది అని అడిగితే, ఎక్కడినుంచో కాదు అని చెప్పొచ్చు. ఇచ్చినవాళ్ళ పేరు బయటపడితే ఉద్యోగం ఊడుతుంది గనక ఆ పేరు. బస్సుల్లో తాను చూసిన అవమానాల గురించి కోర్టులో సాక్ష్యం చెప్పినందుకు ఆమె పని పోయింది. తరవాత సొంత వంటింట్లోనే వండి అమ్ముకుంది. మనం చరిత్రలో కింగ్ ఉపన్యాసాలు చదువుతాం. ఆ ఉపన్యాసం విన్నవాళ్ళని మర్నాడు పనికి చేర్చిన కారులో పెట్రోలు ఇట్లా వచ్చింది.

1956 నవంబరు 13న కోర్టు ఆ కార్ల ఏర్పాటుని ఆపమంది. నగరపాలకుల వాదన ఏమిటంటే, ఇది లైసెన్సు లేని ప్రైవేటు రవాణా వ్యాపారం! అదే రోజు బస్సుల్లో వేరు సీట్లు చెల్లవని సుప్రీంకోర్టు తేల్చింది గనక ఆ దెబ్బ తగల్లేదు. ఇప్పుడు ఇది చూడండి. 2010లో ఉబర్‌క్యాబ్ అనే కంపెనీకి శాన్‌ఫ్రాన్సిస్కోలో అధికారులు ఇట్లాంటి నోటీసే ఇచ్చారు, లైసెన్సు లేకుండా టాక్సీ నడుపుతున్నావని. కంపెనీ తన పేర్లోంచి 'క్యాబ్' అన్న మాట తీసేసి నడుపుకుంటూ పోయింది. దానికి ప్రపంచమంతా పెట్టిన పేరు ఇన్నోవేషన్. ఎవరు నడిపితే నేరం, ఎవరు నడిపితే ఆవిష్కరణ అన్నది ఈ రెండు తేదీలూ పక్కపక్కన పెట్టుకుంటే తెలుస్తుంది.

మరి మనకి గ్రీన్ బుక్ ఎందుకు లేదు? ఒక విద్యార్థిని ఈ ప్రశ్న ఒక తరగతిలో నన్ను సూటిగా అడిగింది. అంబేడ్కర్ 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో రాసుకున్న ప్రయాణాల్లో జవాబు ఉంది.

1901లో చిన్న భీమ్, అన్న, బంధువుల పిల్లలు తండ్రి దగ్గరికి బయల్దేరి మసూర్ స్టేషన్‌లో దిగారు. వీళ్ళు మహర్ల పిల్లలని తెలిశాక ఒక్క ఎడ్లబండివాడూ ఎక్కించుకోనన్నాడు. చివరికి రెట్టింపు కిరాయికి ఒకడు ఒప్పుకున్నాడు. పిల్లలే బండి తోలాలి, తను పక్కన నడుస్తాడు. మైల పడకుండా డబ్బు తీసుకునే ఉపాయం అన్నమాట. ఇది కూడా ఒక మార్కెట్టే. డబ్బు తీసుకోవడం ఆపలేదు చూశారా, రెట్టింపు తీసుకుంది.

అమెరికా, లండన్ చదువుల తరవాత బరోడాలో ఉద్యోగానికి పోతే హిందూ హోటల్లో చోటు దొరకదని ఆయనకి తెలుసు. పార్సీల సత్రంలో పార్సీ పేరు పెట్టుకుని, రోజుకి రూపాయిన్నర చొప్పున దిగాడు. పదకొండో రోజు పొద్దున డజను మంది పార్సీలు కర్రలు పట్టుకుని వచ్చి నువ్వెవరివి అని నిలదీశారు. సాయంత్రానికి ఖాళీ చేయాల్సి వచ్చింది.

1929లో చాలీస్‌గావ్‌లో జరిగింది ఇంకో రకం. ఆయన్ని మహర్‌వాడకి తీసుకుపోవడానికి టాంగావాళ్ళు ఒప్పుకోలేదు. టాంగా అద్దెకి ఇస్తాం, తోలం అన్నారు. తమ నాయకుడు నడిచి రాకూడదని మనవాళ్ళలో ఒకాయన తోలడానికి కూచున్నాడు. ఆయనకి అలవాటు లేదు. కల్వర్టు మీద టాంగా తిరగబడి అంబేడ్కర్ కాలు విరిగింది. టాంగా తోలే పనిని మనవాళ్ళకి దక్కనివ్వని ఊరు, సొంత గౌరవం కోసం తోలుకోబోతే ఆయన ప్రాణం మీదికి తెచ్చింది. మాంట్‌గోమరీలో కార్లు ఉన్నాయి, డ్రైవర్లు ఉన్నారు, ఇన్సూరెన్సు ఏజెంటు ఉన్నాడు. మన వాడల్లో అద్దెకివ్వడానికి మిగులు గది లేదు, తోలడానికి బండి లేదు. గ్రీన్ బుక్‌లో రాసుకోవాలంటే ముందు చిరునామా ఉండాలి. మనకి ఆసరా దొరికింది చుట్టాల పంచల్లో, మిషన్ కాంపౌండ్లలో, హాస్టళ్ళలో. 1985లో కారంచేడు నుంచి పారిపోయి వచ్చిన మాదిగలు చీరాలలో దిగింది చర్చి ఆవరణలోనే.

ఇంకో తేడా కూడా ఉంది. రంగు కళ్ళకి కనబడుతుంది, కులం కనబడదు. అడగాలి. అందుకే మన దగ్గర తలుపు ముందు ఎప్పుడూ ఒక ప్రశ్న నిలబడి ఉంటుంది. బరోడాలో కర్రలతో అడిగారు. మనకి మెత్తగా అడుగుతారు: ఏ ఊరు బాబూ? ఊళ్ళో ఎక్కడ? ఇంటిపేరేంటి? మీరు వెజ్జా, నాన్‌వెజ్జా?

ఈ ప్రశ్న అడిగే హక్కు వ్యాపారికి ఉందా అన్నది రాజ్యాంగ సభలో తేలింది. ఇప్పటి 15(2) అధికరణం, అంటే దుకాణాలు, హోటళ్ళలో ప్రవేశం గురించి 1948 నవంబరు 29న చర్చ జరుగుతుంటే, దుకాణం అంటే ఏమిటి అన్న ప్రశ్న వచ్చింది. అంబేడ్కర్ ఇచ్చిన జవాబు సారాంశం ఇది: వెతుక్కుంటూ వచ్చిన ఎవరికైనా తన సేవ అందించడానికి యజమాని సిద్ధపడి కూచున్న చోటల్లా దుకాణమే. లోపలికి అడుగుపెట్టనిస్తే చాలదు, షరతులకి ఒప్పుకుంటే సేవ చేసి తీరాలి. నాలుగు గోడల కొట్టుని దాటించి, సేవని అమ్మకానికి పెట్టిన ప్రతి మనిషి దాకా ఆ మాటని లాగాడాయన.

పదహారేళ్ళ తరవాత అమెరికా సుప్రీంకోర్టు ఇంకో దారిలో ఇక్కడికే దగ్గరగా వచ్చింది. 1964 పౌరహక్కుల చట్టం వచ్చాక అట్లాంటాలో 216 గదుల మోటల్ యజమాని ఒకాయన, నా మోటల్, నా ఇష్టం అని కేసు వేశాడు. కోర్టు అతని వ్యాపారం ఎట్లా సాగుతుందో చూసింది. జాతీయ పత్రికల్లో ప్రకటనలు, రాష్ట్రమంతా 50కి పైగా హోర్డింగులు, వచ్చే అతిథుల్లో నాలుగింట మూడొంతుల మంది వేరే రాష్ట్రాలవాళ్ళు. ఇది రాష్ట్రాల మధ్య వాణిజ్యం, చట్టం వర్తిస్తుంది అని ఆ డిసెంబరులో తేల్చింది. లోకాన్నంతా పిలవడానికి అతను వేసుకున్న బోర్డులే అతని మీద సాక్ష్యం చెప్పాయి. హోటల్ తలుపు తెరిపించింది ఈ చట్టమూ, దాని వెనక రోడ్డెక్కిన జనమూ. గ్రీన్ బుక్ అవసరం తీరిపోయే రోజు రావాలని గ్రీన్ తన పుస్తకంలోనే కోరుకున్నాడు, అది చూడకుండా పోయాడు.

అయితే ఆ చట్టంలో ఒక సందు వదిలారు. యజమాని తానే ఉంటున్న ఇంట్లో అయిదు గదులకి మించకుండా అద్దెకిస్తే చట్టం వర్తించదు. మిసెస్ మర్ఫీ మినహాయింపు అంటారు దాన్ని. నలభై నాలుగేళ్ళ తరవాత ఎయిర్‌బిఎన్‌బి పుట్టింది సరిగ్గా ఆ ఆకారంలోనే: నా ఇల్లు, నా గది, నా అతిథి.

ఇక్కడ గ్రీన్ బుక్‌నీ యాప్‌నీ పక్కపక్కన పెట్టి చూడండి. గ్రీన్ బుక్‌లో ఇల్లు తన పేరు ముందు చెప్పుకుంటుంది, ప్రయాణికుడి పేరు ఎవరికీ తెలియక్కర్లేదు. యాప్‌లో ప్రయాణికుడు పేరు, ఫోటో పెట్టి నిలబడాలి, ఇల్లు చూసి నిర్ణయిస్తుంది. నమ్మకం పెంచడానికి అన్నారు. 2016లో ఎయిర్‌బిఎన్‌బి మీద హార్వర్డ్ పరిశోధకులు చేసిన అధ్యయనంలో ఆ నమ్మకం లెక్క బయటపడింది. అయిదు అమెరికా నగరాల్లో దాదాపు 6,400 ఇళ్ళకి, పేరు తప్ప అన్నీ ఒకేలా ఉండే అభ్యర్థనలు పంపారు. నల్లజాతి పేర్లకి ఒప్పుకునే అవకాశం 16 శాతం తక్కువ. కాదన్నవాళ్ళలో చాలామందికి ఆ తేదీకి ఇంకో అతిథి దొరకలేదు, గది ఖాళీగా మిగిలింది. లాభం వివక్షని దానంతటదే తినేస్తుందని చెప్పే మార్కెట్ భక్తులు ఆ ఖాళీ గదిలో ఒక రాత్రి పడుకుని ఆలోచించాలి.

అదే ఏడాది ఇంకో బృందం సియాటిల్, బోస్టన్‌లలో కార్ల మీద చూసింది. బోస్టన్‌లో ఉబర్ డ్రైవర్లు నల్లజాతి పేర్లున్నవాళ్ళ రైడ్లని రెట్టింపుకి మించి రద్దు చేశారు. ఉబర్‌లో ఒప్పుకున్నాకే డ్రైవర్‌కి పేరు కనబడేది. కనబడగానే రద్దు. నల్లవాళ్ళు సోషల్ మీడియాలో గొడవ చేశారు, కేసు వేశారు, సొంత సైట్లు పెట్టుకున్నారు. 2018లో ఎయిర్‌బిఎన్‌బి బుకింగ్ ఖాయమయ్యాకే అతిథి ఫోటో కనబడేట్టు మార్చింది. కేసు పరిష్కారంలో భాగంగా ఒరెగాన్ రాష్ట్రంలో 2022 నుంచి పూర్తి పేరు బదులు మొదటి అక్షరమే చూపింది. ఇవన్నీ సాఫ్ట్‌వేర్‌లో మార్చగలిగినవే. కావాలంటే మొదటి రోజునే చేసి ఉండొచ్చు.

మన దగ్గర ఈ లెక్కలు తీసినవాళ్ళు కనబడరు, అనుభవాలు మాత్రం కుప్పలు. రెండేళ్ళ కింద కోస్తాలో ఒక సభకి పోతూ ఒక యాప్‌లో హోమ్‌స్టే బుక్ చేశాను. డబ్బు కట్టాను, ఖాయమైంది. సాయంత్రం యజమాని ఫోన్ చేసి ఎంతో మర్యాదగా మాట్లాడాడు. ఏ ఊరండీ, ఇంటిపేరేమిటండీ అన్నాడు. గంటకి పైపుల రిపేరు పని పడిందని రద్దు చేశాడు. డబ్బు వాపసు వచ్చింది. అదే తేదీకి అదే ఇల్లు నా మిత్రుడి ఫోన్లో ఖాళీగా కనబడింది. కంపెనీకి రాస్తే, మేము మధ్యవర్తులం మాత్రమే అని జవాబు. వ్యాపార ప్రకటనలో మాత్రం ప్రపంచంలో ఎక్కడైనా మీ ఇల్లే అన్నట్టు పిలుస్తారు.

2024 మార్చిలో జొమాటో శుద్ధ శాకాహారుల కోసం వేరే డెలివరీ దళం, వేరే ఆకుపచ్చ యూనిఫారం ప్రకటించింది. గోల పుట్టాక మర్నాడే ఆ యూనిఫారం వెనక్కి తీసుకుంది. అది తిండి బండి, మన విషయం కాదనుకోకండి. ఎవరు కొనగలరో వాళ్ళ ఇష్టాన్ని బట్టి సేవ చేసేవాడి వంటి మీద గుర్తు వేయడం మార్కెటింగ్ అయిపోయింది. హైదరాబాదులో ఆ బండ్లూ క్యాబులూ నడిపేవాళ్ళలో ఎస్సీ, ఎస్టీ, బీసీ, ముస్లిం కుర్రాళ్ళు ఎంతమందో మీకే తెలుసు. వాళ్ళ పేరూ ఫోటో కూడా ముందే ఎక్కేవాళ్ళకి కనబడుతున్నాయి.

హైదరాబాదు, విజయవాడ, విశాఖలో గదులు వెతుక్కుంటున్న విద్యార్థులు ఒక చట్టం తెలుసుకోండి. 1955 నాటి పౌరహక్కుల రక్షణ చట్టం. అందులో హోటల్ అనే మాటలోకి బోర్డింగ్ హౌస్, లాడ్జింగ్ హౌస్ కూడా వస్తాయి. సెక్షన్ 4లో సత్రాలూ ఉన్నాయి, ప్రజారవాణా వాహనాలూ ఉన్నాయి. సెక్షన్ 12 ప్రకారం, ఇట్లాంటి నేరం ఎస్సీ మనిషి విషయంలో జరిగితే అంటరానితనం కారణంగానే జరిగిందని కోర్టు ముందుగా భావిస్తుంది. కాదని రుజువు చేసుకోవాల్సింది అవతలివాడు. శిక్ష చిన్నదే, నెల నుంచి ఆరు నెలలు. యాప్ కంపెనీని దీని కిందికి ఎట్లా లాగాలన్నది వాదించి గెలవాల్సిన విషయం. 1948 నాటి దుకాణం నిర్వచనం మన లాయర్ల చేతిలో ఉంది.

ఆ వాదనకి సరుకు కావాలి. గది రద్దయితే స్క్రీన్‌షాట్ తీయండి. రద్దుకి ముందు వచ్చిన ఫోన్‌లో అడిగిన ప్రశ్నలు తేదీతో సహా అదే రోజు రాసి పెట్టుకోండి. ఇంకో పేరున్న మిత్రుడితో అదే తేదీకి అదే గది అడిగించి, ఆ జవాబు కూడా దాచండి. హార్వర్డ్ వాళ్ళు చేసింది ఇట్లాంటిదే, కాకపోతే దాదాపు 6,400 ఇళ్ళతో చేశారు. ఒక కాలేజీలో ఇరవై మంది కూచుంటే ఒక సెలవుల్లో ఒక నగరానికి చేయగలరు. ఎవరైనా మొదలుపెడితే ప్రశ్నావళి తయారు చేయడంలో నేను కూచుంటాను.

వచ్చే భాగంలో హాస్టళ్ళ చరిత్ర.

జై భీమ్.